గోడ మీది చీటీ

అమ్మకు,

సునీవా నమస్కారాలు. ఇక్కడ నేనూ నీ అల్లుడూ కులాసాగానే ఉన్నాం. అక్కడ స్టావాంగర్‌లో నువ్వూ, నీ మోకాళ్ళూ కూడా కులాసా అని తలుస్తాను. ఫోనులో చెబుదామంటే నీకు సగం వినపడదు, వినపడని సగం నువ్వే కల్పించుకుంటావు. అందుకే ఉత్తరం.

నువ్వడిగినవాటికి జవాబులు. ఊలు మేజోళ్ళు నాకు సరిపోయాయి. నీ అల్లుడివి మాత్రం జానెడు పొడుగు, అయినా నీ మీద గౌరవంతో మడత పెట్టి తొడుక్కుంటున్నాడు. పడవ ఇంకా అమ్మలేదు. ఇక మూడోది. "మీ క్లాసులో నోరు విప్పని ఆ సామీ పిల్ల రిస్తెన్ ఇంకా ఒక్క ప్రశ్నయినా అడగలేదా?" అన్నావు. ఆ సంగతి చివర చెబుతాను.

మా ప్రశ్నల గోడ గురించి పోయిన ఉత్తరంలో గొప్పలు పోయాను గదా. పిల్లలు తమకు తోచిన ప్రశ్న చీటీ మీద రాసి గోడకు అంటిస్తారు. జవాబు నేను చెప్పకూడదు. వాళ్ళే వెతికి, ఆధారం చూపించి తేల్చాలి. తేలేదాకా ఏ చీటీనీ ఎవరూ తీయకూడదు. ఈ నియమాలన్నీ నేను పెట్టినవే.

ఈ ఉత్తరాది మంచులో రెయిన్‌డీర్లను మేపుకునే సామీల పండగ వారంలో రిస్తెన్ వాళ్ళ నాయనమ్మను క్లాసుకు పిలిచాను. పిల్ల ఆమెను ఆహ్కు అంటుంది, మేమూ అలాగే అన్నాం. ఎర్ర అంచు నీలం గౌనులో, భుజాన ఉచ్చుతాడుతో వచ్చి, రెయిన్‌డీర్ కొమ్ముల మీదికి ఎలా విసరాలో పిల్లలకు నేర్పింది. నేనూ విసిరాను. అది వెళ్ళి గోడ గడియారానికి తగులుకుంది.

"అమ్మాయీ, నువ్వు గనక మందకొస్తే మా రెయిన్‌డీర్లన్నీ హాయిగా ముసలివై చస్తాయి," అంది ఆహ్కు. రిస్తెన్ పగలబడి నవ్వింది. ఆ పిల్ల నవ్వు వినడం నాకు అదే మొదలు.

తరువాత పిల్లలు చీటీలు చదివారు. ఈడున్ అనే పిల్ల లేచి, "మీకు ఎన్ని రెయిన్‌డీర్లున్నాయి?" అని చదివింది.

ఆహ్కు "చెట్టుకి ఇటు కొన్ని, అటు కొన్ని," అంది. ఆ ప్రశ్నను మర్యాదగా దాటెయ్యడానికి వాళ్ళు అనే మాట అది. అక్కడితో వదిలెయ్యాలి. నేను వదల్లేదు. "సుమారుగా చెప్పినా చాలండీ, గ్రాఫు గీస్తాం," అంటూ బోర్డు దగ్గర నిలబడ్డాను. ఆహ్కు తాడు చుట్టుకోవడం మొదలుపెట్టింది. టీచరు ఊరికే నిలబడిపోయిందని జాలిపడిందో ఏమో, రిస్తెన్ అంకె చెప్పేసింది. నేను బోర్డు మీద రాసేశాను. ఆ అంకె నీకు కూడా చెప్పను.

కాఫీలో ఎండుమాంసం ముక్క నానేసుకుని మూడు కప్పులు తాగే మనిషి, ఆ రోజు కప్పు ముట్టుకోకుండా వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి రిస్తెన్ బడికి రాలేదు.

హెడ్మాస్టరు నన్ను పిలిచాడు. "మందలో ఎన్నున్నాయని అడగడమంటే బ్యాంకు పాస్‌బుక్కు పైకి చదవమన్నట్టే గదా! ఎవరడిగారు?"

"పిల్లల ప్రశ్నల్లో నేను వేలు పెట్టను సార్," అన్నాను.

దాంతో తప్పు ఈడున్ మీద పడింది. తొమ్మిదేళ్ళ పిల్ల వాళ్ళ నాన్నతో రిస్తెన్ ఇంటికి వెళ్ళి, గుమ్మం ముందు మంచులో నిలబడి క్షమించమని చెప్పి వచ్చింది.

అమ్మా, ఆ చీటీ రాసింది నేను. ఆ రోజు క్లాసు చూడడానికి టీచర్ల కాలేజీ నుంచి ఇద్దరు వచ్చారు. ఒక అంకె దొరికితే గ్రాఫు గీయించి మెప్పు పొందవచ్చని నా ఆశ. పదకొండేళ్ళుగా ఇక్కడున్నదాన్ని, ఆ ప్రశ్న తప్పని తెలియక కాదు. పిల్ల నోట వస్తే చెల్లిపోతుందనుకున్నాను. ఈడున్ ఏమీ రాయలేదని దాని చేతిలో నాది పెట్టి "ఇది చదువు" అన్నాను. ఆ పిల్ల నా పేరు ఎక్కడా ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేది.

మొన్న శుక్రవారం రిస్తెన్ వచ్చింది. నేరుగా గోడ దగ్గరికి వెళ్ళి, ఇంకా అక్కడే అంటించి ఉన్న ఆ చీటీ పక్కనే తనది అంటించింది. "దీన్ని ఎవరు రాశారు?" అని ఉంది అందులో.

"ఈడునే కదా చదివింది!" అన్నారు పిల్లలు.

"చదవడం వేరు, రాయడం వేరు. ఆధారం ఏది?" అంది రిస్తెన్.

"చేతిరాతలు పోల్చి చూద్దాం!" అని అందరూ ఎగబడి రెయిన్‌డీర్ల చీటీలోని వాక్యమే రాయడం మొదలుపెట్టారు. రిస్తెన్ నా దగ్గరికి ఒక కాగితం తెచ్చింది. "మీరు కూడా రాయాలి టీచర్. అందరూ అంటే అందరూ." ఇంటి దగ్గర రాసి సోమవారం తెస్తానన్నాను. అప్పుడైనా నిజం చెప్పాల్సింది, నోరు రాలేదు.

ఈ ఆదివారం మధ్యాహ్నం వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, మొదటిసారి అక్షరాలు మార్చి రాశాను. రెండోసారి ఎడమచేత్తో రాశాను. ఈడున్ మంచులో నిలబడడం గుర్తొచ్చి రెండూ చింపేశాను. మూడోది నా రాతలోనే రాసి కింద పేరు పెట్టాను. రేపు బడికి ముందే అది తీసుకుని రిస్తెన్ వాళ్ళింటికి, ఆహ్కు దగ్గరికి వెళతాను. ఆమె తలుపు తీయకపోతే ఈడున్ నిలబడిన చోటే నిలబడతాను. అక్కడి నుంచి క్లాసుకు వెళ్ళి, అందరి ముందూ ఈడున్‌ను క్షమించమని అడిగి, కాగితం గోడకు అంటిస్తాను. హెడ్మాస్టరు ఏమంటాడో ఆ తరువాత.

నువ్వడిగిన మూడోదానికి జవాబు ఇదే. రిస్తెన్ ప్రశ్న అడిగిందమ్మా. మొదటి ప్రశ్నే నన్ను అడిగింది.

ఇట్లు,
నీ కూతురు
సునీవా