తోక ఊపాడు

జూన్ 4

ఆపరేషన్ అయింది. సోఫా మీంచి దూకాడు, వెన్నులో డిస్క్ చితికింది, అంతే. మా దొంగకి నడుం కింద ఏమీ తెలియడం లేదు. చెప్పులు ఎత్తుకుపోయే కుక్కకి అంతకంటే మంచి పేరు దొరకలేదు మాకు.

డాక్టర్ వెనక కాలి వేలిని ఫోర్సెప్స్‌తో గట్టిగా నొక్కారు. కాలు లాక్కున్నాడు. నేను చప్పట్లు కొట్టినంత పని చేశాను. అది లెక్కలోకి రాదన్నారు. తలతో పనిలేకుండా వెన్నే కాలిని లాగేస్తుందిట, రిఫ్లెక్స్. నొప్పి తలదాకా చేరితే తిరిగి చూడాలిట, అరవాలిట, కరవాలిట.

వాడికి నొప్పి పుట్టాలని కోరుకుంటూ ఇంటికొచ్చాను.

జూన్ 11

పొట్ట నొక్కి ఉచ్చ పోయించడం, కాళ్ళు సైకిల్ తొక్కినట్టు తిప్పడం, నడుం కింద టవల్ వేసి నిలబెట్టడం. పిహెచ్‌డి ఇందుకు పనికొచ్చింది.

అత్తగారు గుమ్మంలో నిలబడి, ఏమ్మా, ఇన్నేళ్ళలో నా కాళ్ళు ఒక్కసారైనా ఇలా పట్టావా, ఈసారి నాలుగు కాళ్ళతో పుడతాలే అన్నారు. నవ్వొచ్చింది, చాలా రోజులకి.

మా ఆయన నవ్వలేదు. నెలాఖరుదాకా చూద్దాం, తర్వాత ఇంజెక్షన్ ఇప్పించి పంపేద్దాం, వాణ్ణి హింస పెట్టకు అన్నారు.

జూన్ 19

తోక ఊపాడు!! పొట్ట నొక్కుతుంటే!

ఆఫీసుకి ఫోన్ చేశాను. ఆయన మీటింగ్ వదిలేసి వచ్చి, ఏదిరా దొంగా, మళ్ళీ ఊపు అంటూ ఇస్త్రీ ప్యాంటుతోనే నేల మీద చతికిలబడ్డారు. ఇంజెక్షన్ మాట ఇక ఎత్తనన్నారు.

జూన్ 20

మిమ్మల్ని చూసి ఊపుతున్నాడా, నొక్కితేనే ఊపుతున్నాడా అని అడిగింది ఫిజియో అమ్మాయి. నొక్కితేనే. ఇదీ రిఫ్లెక్సేనండీ అని తల దించుకుంది.

ఆయనకి చెప్పలేదు.

జూలై 2

రోజూ సాయంత్రం, ఏదీ, మావాడి తోక చూపించు అంటారు. నొక్కుతాను. ఊగుతుంది. మురిసిపోతారు. తిన్నావా అని నన్నడుగుతారు. ఆఁ అంటాను. తిన్నానో లేదో గుర్తుండదు. ఈ ఇంట్లో తలదాకా వెళ్ళి వస్తున్న మాట ఒక్కటైనా ఉందా?

నేను వీణ్ణి బతికిస్తున్నది వీడి కోసమేనా?

జూలై 9

కాలేజీ నుంచి వచ్చేసరికి దొంగ తన వెనక పాదాన్ని తనే కొరుక్కు తినేశాడు. రెండు వేళ్ళు లేవు. మూతి నిండా రక్తం. నన్ను చూసి చెవులు నిక్కించాడు, ఏమీ ఎరగనట్టు.

పక్క గదిలోనే ఉన్నాను, కుయ్యిమనలేదే అని అత్తగారు ఒకటే ఏడుపు. ఎలా అంటాడు?

జూలై 10

చీము ఎముకకి పట్టిందిట. రెండో కాలినీ వదలడు అన్నారు డాక్టర్. ఇక చాలనిపించింది.

ఆయనతో అంటే మండిపడ్డారు. తోక ఊపుతున్నవాణ్ణి చంపమంటావా, నువ్వసలు మనిషివేనా అన్నారు.

చెప్పేశాను.

ఆయన నేల మీద కూర్చున్నారు. వంగి, తనే వాడి పొట్ట నొక్కారు. తోక ఊగింది. చెయ్యి తీశారు. ఆగింది. మళ్ళీ నొక్కారు.

జూలై 12

పొద్దున ఇంజెక్షన్ అయింది. టవల్ ఉతికి ఆరేశాను.

ఆయన సింకు దగ్గర దొంగ గిన్నె కడుగుతున్నారు. వీపు మీద చెయ్యి వేశాను.

తిరిగి చూడలేదు.