మీరందరూ వెళ్ళిరండి

నవంబరు 18, శనివారం

మొండితల్లీ, మీ అమ్మ నీ దగ్గరికి వస్తానంది!

మళ్ళీ చదువుకో. తప్పు రాయలేదు. మీ అమ్మే. ఐదేళ్ళుగా నీ ఫోను మోగితే లేచి పక్కగదిలోకి వెళ్ళిపోయే మీ అమ్మే. వచ్చే గురువారం పొద్దున్నకల్లా ఇద్దరం నీ ఇంట్లో ఉంటాం. రైలు టిక్కెట్లు నా చొక్కా జేబులో ఉన్నాయి. ఊరికే ఊరికే తడిమి చూసుకుంటున్నాను.

సంతోషంలో మర్యాద మరిచాను. మా ప్రియమైన కుమార్తెకు, అల్లుడుగారికి, అమ్మమ్మ ఇంకా చూడని మనవరాలికి ప్రభువు పేరిట శుభములు. ఇక్కడ మేమిద్దరం కులాసా. నాకు కొత్త కళ్ళజోడు వచ్చింది, సూదిలో దారం మళ్ళీ నేనే ఎక్కించుకుంటున్నాను. మీ క్షేమం తెలుపగలరు. అదీ మర్యాద, అయిపోయింది. ఫోన్లోనే చెబుదామని మొదలెట్టాను గానీ, నువ్వు నాన్నా అనగానే వానలెలా ఉన్నాయని అడిగి పెట్టేశాను. అందుకే ఈ కాగితం.

నీకూ అమ్మకూ మాటలు పోవడానికి కారణమైన ఆ సినిమాలు గుర్తున్నాయిగా. మన చర్చిలో ఏటా ఒకటి. లోకం అంతమైపోతుంది, నమ్మినవాళ్ళు ఉన్నపళంగా మాయమవుతారు, మిగిలినవాళ్ళు ఏడుస్తూ వీధులెంట పరిగెత్తుతారు. ఆఖర్న లైట్లు వేసి పాస్టరుగారు పిలుస్తారు, పైకి వెళ్ళేవాళ్ళు ముందుకు రండి, వెనక ఉండిపోయేవాళ్ళు కుర్చీల్లోనే ఉండండి అని. ఆ ఏడు ఒక పసిపిల్ల గుక్కపట్టి ఏడుస్తుంటే నువ్వు సినిమా మధ్యలోనే పిల్లలందరినీ బయటికి తీసుకుపోయావు. పిల్లల్ని బెదిరించి దేవుడి దగ్గరికి తోలుతారా, ఆయనేమన్నా బూచాడా అని పాస్టరుగారి మొహం మీదే అడిగావు. మీ అమ్మకి తల కొట్టేసినట్టయింది. సంఘం ముందు క్షమాపణ అడిగేదాకా నాకు కూతురు లేదంది. నువ్వు చచ్చినా అడగనన్నావు. అచ్చు గుద్దినట్టు ఇద్దరూ ఒకటే. మధ్యలో నేను నలిగిపోయాను.

ఈసారి సినిమా మనవాళ్ళే తీశారు. పెళ్ళి వీడియోలు తీసే అతను మన షాపుకొచ్చి, మాయమైపోయినవాళ్ళ బట్టలు కావాలి మాస్టారూ అన్నాడు. మనుషులు పైకి పోతారు, బట్టలు కింద పడి ఉంటాయట. ఇంతమందికి కుట్టాను గానీ లేనివాడికి కుట్టమని ఎవరూ అడగలేదయ్యా అంటే పడీపడీ నవ్వాడు. జనం వదిలేసిన పాంట్లూ చొక్కాలూ మూట కట్టిచ్చాను. ఇంట్లో పాతవి కూడా కొన్ని పడేశాను, ఏమేం వేశానో చూసుకోలేదు.

నిన్న సాయంత్రం చూపించారు. హాలు కిటకిటలాడింది. సైరను మోగినప్పుడల్లా మా వెనకావిడ ప్రభువా ప్రభువా అంటూ నా కుర్చీ పట్టుకుని ఊపేసింది. ఒక గుమస్తా ఆఫీసులో మాయమైతే చొక్కా మిగిలింది, గుండీలన్నీ పెట్టే ఉన్నాయి. ముందు వరసలో ఒకాయన, గుండీలు విప్పకుండా ఎలా పోయాడయ్యా అన్నాడు. పక్కాయన, పెళ్ళాం కేకేసుంటుంది, తొందరలో పోయాడులే అన్నాడు. ఒకటే నవ్వులు. కమిటీ పెద్ద, మీ అమ్మ అన్నగారు, అదే మీ మావయ్య, ఇందులో సైతాను తరఫున జనం నుదుట ముద్రలు వేసే ఆఫీసరు. ఎంత బాగా చేశాడంటే, ఇంట్లో ఎలా ఉంటాడో అలాగే ఉన్నాడు.

తర్వాత ఒక వంటిల్లు వచ్చింది. స్టవ్ మీద గిన్నె పొంగిపోతోంది. నేలమీద ఒక స్వెటరు పడి ఉంది. బడిసంచీతో ఒక పిల్ల వచ్చి అమ్మా అంది. పలికేవాళ్ళు లేరు. గదిగదికీ తిరిగి పిలిచింది. మళ్ళీ వంటింట్లోకి వచ్చి ఆ స్వెటరు తీసి తొడుక్కుని, పొడుగు చేతులు ఒళ్ళో పెట్టుకుని గుమ్మం దగ్గర కూర్చుంది.

ఇటుక రంగు స్వెటరు తల్లీ. మోచేతి దగ్గర నేను వేసిన మాసిక. చలిరోజుల్లో మీ అమ్మ నిన్ను లోపలికి దూర్చుకుని కూర్చునేదే, అదే.

హాలంతా ముక్కులు చీదుతోంది. మీ అమ్మ ఏడవలేదు. అది నా స్వెటరు అంది. గొంతేమీ తగ్గించలేదు. రెండు వరసలవాళ్ళు తిరిగి చూశారు. నేను కుర్చీలోకి కుంగిపోయాను.

లైట్లు వేశారు. పాస్టరుగారు పిలిచారు. నీకు తెలుసుగా, ఎవరూ కూర్చోరు. కూర్చునే గుండె ఎవరికుంది? కుర్చీలు గరగరలాడించుకుంటూ జనమంతా లేచారు. నేనూ లేచాను, ఇన్నేళ్ళ అలవాటు, కాళ్ళు వాటంతటవే నడిచాయి. సగం దూరం పోయి చూస్తే పక్కన మనిషి లేదు. వెనక్కి తిరిగితే, ఖాళీ కుర్చీల మధ్య మీ అమ్మ ఒక్కతే, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని, బస్సు కోసం కూర్చున్నట్టు కూర్చుంది.

అమ్మగారూ మోకాళ్ళ నొప్పా, ఎవరైనా చెయ్యందించండి అన్నారు పాస్టరుగారు మైకులోనే. మోకాళ్ళు బాగానే ఉన్నాయండీ అంది. కూర్చుంటే దానికి అర్థమేమిటో తెలుసుగా అమ్మా అన్నారు, మంచిగానే. తెలుసు బాబూ అంది. అప్పుడందమ్మా, మీరందరూ వెళ్ళిరండి, నేను ఇల్లు చూసుకుంటాను, పిల్ల వస్తే తలుపు తియ్యడానికి ఒక మనిషుండాలిగా అని!

పెళ్ళినాడు కూడా ఆమె పక్కన నేనంత దర్జాగా కూర్చోలేదు. ఎదురొచ్చేవాళ్ళని తోసుకుంటూ వెనక్కొచ్చి ధబ్బున కూలబడ్డాను. ఆనాడు గుక్కపట్టి ఏడ్చిన పిల్ల తల్లి, ఆసుపత్రిలో చేసే ఆ నర్సమ్మ, కూతురి చెయ్యి పట్టుకుని వచ్చి మా వెనక కూర్చుంది. ఇంకెవరూ రాలేదు. రాకపోతే పోయారు. పాస్టరుగారు ప్రార్థన ఎన్నడూ లేనంత పొట్టిగా ముగించారు.

ఈ పొద్దున్నే మీ మావయ్య దిగాడు. ఆఫీసరు మొహం ఇంకా కడుక్కోలేదు. సంఘం పరువు తీశారు, రేపు అందరి ముందూ నిలబడి తప్పయిపోయిందనండి, లేకపోతే ఇద్దరి పేర్లూ కొట్టేస్తాం అన్నాడు. ఆయన ముందు నేను ఏనాడూ నోరెత్తలేదు, నీకు తెలుసు. ఇవాళ ఎత్తాను. కొట్టెయ్యి బావా, పెన్ను కావాలా అన్నాను. నేను దేవుణ్ణి వదల్లేదు, ఆయనా నన్ను వదల్లేదు. గుడ్డలు కుట్టుకునే నాబోటివాడే కూతురు పిలిస్తే ఓయ్ అని పలుకుతాడే, ఆయన పలకడా, అంత మాత్రానికి మధ్యలో సైరన్లెందుకు అన్నాను. నీ మొగుడి వరస చూశావా చెల్లెమ్మా అన్నాడు మీ అమ్మతో. చూశానన్నయ్యా, ఇన్నాళ్ళకి చూశాను అంటూ టీ అందించింది మీ అమ్మ. ఆయన ముట్టుకోకుండా పోయాడు. నేనే తాగాను.

రేపు మామూలుగానే చర్చికి వెళ్తాం. ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుంటాం, ఎవరు లేపుతారో చూస్తాను. లేపితే మెట్లమీద కూర్చుని పాడతాను. నా గొంతు సంగతి వాళ్ళకి తెలుసు, వాళ్ళే లోపలికి పిలుస్తారు.

నువ్వు ఎవరినీ క్షమాపణ అడగక్కర్లేదు. మనవరాలికి గౌను గుడ్డ తీశాను. కొలతలు పంపకు, వచ్చి నేనే తీసుకుంటాను.

ఇట్లు,
కాగితం చాలక అంచుల్లో కూడా రాస్తున్న,
మీ నాన్న

తా.క. కవరు అంటించబోతుంటే మీ అమ్మ లాక్కుని చదివింది. నేనేదో వీరనారినన్నట్టు రాశారు, నిజం రాయండి అంది. తను చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. ఆ సినిమాలో తల్లి పలక్కపోవడానికి కారణముంది, ఆవిణ్ణి దేవుడు తీసుకుపోయాడు. మన పిల్ల ఐదేళ్ళు పిలిచింది. ఫోను ఆగిపోయేదాకా నేను పక్కగదిలో నిలబడి వినేదాన్ని. నన్ను ఏ దేవుడూ తీసుకుపోలేదు. నేనే వెళ్ళిపోయాను. వెనక ఉండిపోయింది అది. ఇలా రాయండి అంది. రాశాను.

ఇక ఈ కబురు అందరికీ చెప్పాలి. మీ పెద్దత్తకి చెప్పు, చెవుడు కాబట్టి అరిచి చెప్పు, వీధికి వేరే చెప్పక్కర్లేదు. మీ బాబాయికి, ఈ జన్మలో జరగదని పందెం కాశాడు, ముందు వాడికే చెప్పు. మీ పిన్నికి, ఏడుస్తుంది, ఏడవనీ. మీ అత్తగారికీ మావగారికీ, మా గురించి ఇన్నాళ్ళూ అనుకున్నదంతా నిజమే, ఇప్పుడు మారిందని. మీ మావయ్య పిల్లలకి, చాటుగా కాదు, వాళ్ళ నాన్న ఎదుటే. ఆఖరికి నా మనవరాలికి. గురువారం వచ్చేది అమ్మమ్మా తాతయ్యా అని చెప్పు. వెళ్ళేటప్పుడు దానికి చెప్పే వెళ్తామని కూడా చెప్పు.