ఎ సెక్షన్ గోడ

నాచారం, మంగళవారం

ఈ పేజీలో నీచమైన ఆలోచనలు తప్ప మరేమీ లేనందుకు విద్యాలోకానికి శిరసు వంచి క్షమాపణలు.

మా బడిలో రెండో తరగతి ఎ సెక్షన్ స్వరూప టీచర్ తన గది గోడకు కింది భాగమంతా నల్లరంగు వేయించింది. పిల్లలు తమ ఎత్తులోనే రాసుకుంటూ నెలలోనే చదివేస్తున్నారు. నా బి సెక్షన్ వాళ్లు ఇంకా అ, ఆల దగ్గరే ఉన్నారు. నా గదికి ఉన్న ఒక్క కిటికీ బీరువా వెనక ఉంది.

ఇవాళ మా చంద్రం అడిగాడు. "సార్, మన బోర్డు మాకు అందుతలేదు కద?"

"పొడుగైనంక అందుతదిలేరా."

"గప్పటిదాంక ఏం జెయ్యాలె సార్?"

నా డిగ్రీని తలుచుకుని హాజరు పట్టీ తెరిచాను. "మిగిలిన రంగు డబ్బా మీరు తీస్కోన్రి సార్" అని స్వరూప టీచర్ అంటే వద్దన్నాను. ఆమె మంచితనం ఇంకా మండిస్తోంది.

నేను నిజంగా చేసింది ఒక్కటే. అందరూ వెళ్లాక తలుపుల మీది ఎ, బి అట్టలు మార్చి తగిలించాను, రేపు నా పిల్లలు ఆ గదిలో కూర్చుంటారని. ఉప్పల్ బస్సెక్కాక వెలిగింది. ఆమె పిల్లలు అట్ట చదివి నా గదికొస్తారు. నావాళ్లు చదవలేక, అలవాటుగా, నా గదికే వస్తారు.