అత్తయ్య నాకు కుట్టని బొంత

అత్తయ్యా,

మీరు పోయి పది నెలలు దాటింది. ఇంట్లో అందరం బాగానే ఉన్నాం. మీ అబ్బాయి ఆటోకి కొత్త టాపు వేయించాడు. మీ మనవరాలు హారిక ఇంటర్ రెండో సంవత్సరంలోకి వచ్చింది. దాని తమ్ముడికి మీసాలొస్తున్నాయి. ఈ ఏడు మామిడి పూత ఆలస్యమై చిన్న రసాలు మే నెల సగం గడిచాక గానీ దిగలేదు. మీరుంటే రోజూ పొద్దున్నే చెట్లని తిట్టేవారు.

మీరు బతికుండగా మొహం మీద అడగలేనిది ఇప్పుడు కాగితం మీద అడుగుతున్నాను. మీకు కోపం వస్తుందేమో... వచ్చినా ఇప్పుడు చేసేదేముంది?

నేను ఈ ఇంటికొచ్చి పద్దెనిమిదేళ్ళు. ఈ పద్దెనిమిదేళ్ళలో మీరు ఎన్ని బొంతలు కుట్టారో నాకు తెలుసు. ఎందుకంటే మీకు చూపు మందగించాక ప్రతి సూదిలోనూ దారం ఎక్కించింది నేనే. తోట పని నుంచి వచ్చి, నేను చేతికంటిన సొన కడుక్కునేలోపే మీరు చాప పరిచేవారు. "దారం ఎక్కించి పో పద్మా," అనేవారు. ఎక్కించి పోయేదాన్ని. ఒక్కసారి కూడా "కూర్చో" అనలేదు మీరు.

మీ బొంత అంటే ఊళ్ళో ఒక పేరు. ఎవరి బొంతలో వాళ్ళ బట్టలే ఉండాలనేవారు. మీ పెద్దమ్మాయి నాగమణి వదినకి కుట్టిన దాంట్లో ఆవిడ ఓణీల ముక్కలు. మీ అబ్బాయి దాంట్లో చిన్నప్పటి బడి చొక్కా జేబు అలాగే ఉంచి కుట్టారు, ఇప్పటికీ ఆ జేబులో చెయ్యి పెట్టుకుని నిద్రపోతాడు. మీతో కాయలు ఏరే సుబ్బమ్మకి ఆమె మొగుడి పంచె అంచు చుట్టూ వేసి కుట్టిచ్చారు. ఆమె దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఎంతసేపు ఏడ్చిందో! అప్పుడు మీరు అన్నారు, "కట్టిన బట్టలో మనిషి కొంచెం మిగిలి ఉంటాడే సుబ్బులూ," అని.

మరి నేనెక్కడ మిగిలాను అత్తయ్యా?

నా పిల్లలిద్దరికీ కుట్టారు. మా అమ్మకీ కుట్టారు, ఆవిడ ఇక్కడికొచ్చి రెండు రోజులుండి వెళ్ళినందుకు. మా అక్క కూతురికి కూడా. నాకు మాత్రం లేదు. నా పాత చీరలు మటుకు అన్ని బొంతల్లోకీ వెళ్ళాయి. లోపలి పొరలోకి. మెత్తగా ఉంటాయని వాటిని పరిచి, పైన వేరేవాళ్ళ ముక్కలు పేర్చి కుట్టేసేవారు. నా పెళ్ళినాటి నెమలికంఠం రంగు చీర నాగమణి వదిన కప్పుకునే బొంత కడుపులో ఉంది. ఆవిడకి ఆ సంగతి తెలీదు కూడా.

మొదట్లో వచ్చే ఏడు కుడతారులే అనుకున్నాను. తరవాత మరిచిపోయారేమో అనుకున్నాను. ఆ తరవాత అనుకోవడం కూడా మానేశాను. నవ్వుతూ అడిగిన ఒకే ఒక్కసారి మీరు సూది వైపే చూస్తూ, "అడిగితే వచ్చేది బొంత కాదు," అన్నారు. అంతే. దానికి అర్థం ఏంటని ఎన్ని ఏళ్ళు ఆలోచించానో మీకేం తెలుసు...

కిందటేడు మీకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. ఏడు నెలలు మంచంలో ఉన్నారు. నేను తోట పని మానేశాను. నాగమణి వదిన చింతలపూడి నుంచి నెలకోసారి పళ్ళు పట్టుకుని వచ్చేది, చిన్నమ్మాయి జి. కొండూరు నుంచి ఫోన్ చేసేది. మీకు నీళ్ళు పోసింది, పక్క మార్చింది, వీపు పుండ్లకి మందు రాసింది నేను. చెప్పుకోవడానికి కాదు ఇది. చెప్పుకోవడానికే... ఇంకెవరితో చెప్పుకోను?

పోయే ముందు నాలుగు రోజులు మీ మాట ముద్ద ముద్దగా ఉండేది. అందులో ఒక రోజు మీరు నన్ను దగ్గరికి పిలిచారు. ఏదో ఒక మంచి మాట అంటారనుకున్నాను. మీరు ట్రంకుపెట్టె వైపు చూపించి, "ఆ బొంత పూర్తి చేసి తోట అమ్మగారికి ఇచ్చిరా," అన్నారు. మనం పనిచేసే మామిడితోట వాళ్ళ మనవడికని మొదలుపెట్టి సగంలో ఆపేసిన బొంత అది. నాతో మీరన్న ఆఖరి మాట అదే.

పూర్తి చేశాను అత్తయ్యా. మీ పెద్దకర్మ అయ్యాక కూర్చుని, మీ కుట్టు ఎక్కడ ఆగిందో అక్కడ నుంచి అందుకున్నాను. మీ కుట్లు బియ్యపుగింజల్లా ఉంటే నావి చింతగింజల్లా పడ్డాయి. వేళ్ళకి సూది గుచ్చుకుంది. మీరు చూస్తే విప్పేయమనేవారు. కార్తీక మాసంలో తీసుకెళ్ళి అమ్మగారి చేతికిచ్చాను. ఆవిడ ఒక్క క్షణం చూసి, బాగుందని చెప్పి, కుర్చీ మీద పెట్టింది.

మొన్న మే నెలలో వాళ్ళ తోటలోనే కోతకి వెళ్ళాను. పాక కింద కాయలు పోసి ఉన్నాయి. దెబ్బ తగలకుండా వరిగడ్డి పరిచి, గడ్డి చాలని చోట మీ బొంత పరిచారు. మీరు కళ్ళు పోగొట్టుకుని కుట్టిన బొంత. సొన కారి నల్లగా మచ్చలు కట్టేసింది. సొన మచ్చ ఏం చేసినా పోదని మీకు తెలుసు కదా...

దాని మీదే కూర్చుని మధ్యాహ్నం దాకా కాయలు ఏరాను. నిజం చెప్పనా? మొదట నాకు ఏడుపు రాలేదు. లోపల ఎక్కడో బాగా అయిందిలే అనిపించింది. నాకు ఇవ్వని చేత్తో ఎవరికిచ్చారో వాళ్ళు దాన్ని ఎలా చూశారో మీరు చూస్తే బావుణ్ణు అనిపించింది. అలా అనిపించినందుకు ఆ తరవాత ఏడ్చాను.

సాయంత్రం పని దిగాక, పాడైపోయింది కదా నేను తీసుకుపోనా అని అమ్మగారిని అడిగాను. తీసుకుపొమ్మంది. రెండుసార్లు ఉడికించి ఉతికాను. మచ్చలు అలాగే ఉన్నాయి.

ఇంతవరకూ అయితే నేను ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు. పోయిన వారం నాగమణి వదిన ఆవకాయకి కాయల కోసం వచ్చింది. దండెం మీద ఆ బొంత చూసి, ఇది నీకు అమ్మ కుట్టిందా అని ఆశ్చర్యంగా అడిగింది. ఆ ఆశ్చర్యం నన్ను పొడిచింది. ఇన్నేళ్ళ తరవాత నోరు తెరిచి, నాకెందుకు కుట్టలేదు వదినా అన్నాను.

అప్పుడు చెప్పింది ఆవిడ. "నువ్వు కాపురానికొచ్చిన కొత్తల్లో పక్కింటి ఫోన్లో మీ అక్కతో అన్నావంట కదే, మా అత్త పీలికలు కుట్టి కప్పుకోమంటుంది, ముసలి కంపు అని. అమ్మ దడి అవతల నుంచి విన్నది."

అన్నాను అత్తయ్యా. నాకు గుర్తుంది. పంతొమ్మిదేళ్ళ పిల్లని. ఊరు కొత్త, ఇల్లు కొత్త, అక్కని నవ్విద్దామని అన్నాను. ఫోన్ పెట్టేసి మరిచిపోయాను కూడా.

వదిన ఇంకో మాట కూడా చెప్పింది. ఆ రోజుకే మీరు నా బొంత మొదలుపెట్టారట. మా అమ్మకి కబురు పెట్టి నా చిన్నప్పటి గౌను తెప్పించారట. ఆ సాయంత్రమే కూర్చుని కుట్టిందంతా విప్పేశారట. మా అమ్మ కూడా నాకు చెప్పలేదు చూడండి...

ఆ గౌను ఏం చేశారు? పారేశారా? ఏ బొంతలోకైనా వెళ్ళిందా? వదినకి తెలీదంది. ఇప్పుడు నేను ఎవరిని అడగాలి?

తప్పు నాదే, కాదనను. కానీ ఒక్క మాటకి పద్దెనిమిదేళ్ళా? ఆ సాయంత్రమే నా జుట్టు పట్టుకుని నాలుగు తిడితే మీ కాళ్ళు పట్టుకునేదాన్ని కదా! మీరు తిట్టలేదు. అన్నం పెట్టారు, పురుళ్ళు పోశారు, జ్వరమొస్తే తల దగ్గర కూర్చున్నారు. ఇన్నీ చేస్తూనే ఆ ఒక్కటి దాచుకున్నారు. ఏడు నెలలు నా చేతి అన్నం తిన్నారు, అప్పుడైనా చెప్పాలనిపించలేదా? లేక చెప్పబోయి... నాలుక తిరగలేదా? ఆ సగం బొంత నా చేతిలో పెట్టడమే మీ మాటా? అలా అనుకుంటే నాకు తేలికగా ఉంటుంది. కానీ మిమ్మల్ని నేను ఎరుగుదును. మీరు అమ్మగారికి ఇమ్మన్నారు, అంతే.

శ్రావణంలో మీ సంవత్సరీకం బాగా చేస్తాం. మీకు ఇష్టమైన పనసపొట్టు కూర, పెసర బూరెలు వండుతాను. ఆకులో వడ్డించి దణ్ణం పెడతాను. క్షమించమని అడగను. మీరు నన్ను అడగలేదు, నేనూ అడగను. ఆ విషయంలో నేను మీ కోడలినే.

ఒక్క మాట మాత్రం ఇస్తున్నాను. ఇంకో పదేళ్ళకి నాకూ కోడలు వస్తుంది. అదీ చిన్నపిల్లే, అదీ ఏదో ఒకటి అంటుంది, నా చెవిన పడుతుంది. ఆ పూటే దాన్ని ఎదురుగా కూర్చోబెట్టి అడిగేస్తాను. అరుస్తాను, ఏడుస్తాను, రెండు రోజులు మాట్లాడకుండా ఉంటాను. మూడో రోజు అన్నం తినడానికి పిలుస్తాను.

ఉంటానండీ,
పద్మ