ఇసుకలో దొరికిన ఇనప రజను

అమ్మాయీ, నీ మోకాలి నొప్పి తగ్గిందా? అల్లుడుగారి దగ్గు ఎలా ఉంది? చంటిదానికి మళ్ళీ జ్వరం రాలేదు కదా? మేం బాగానే ఉన్నాం.

మీ వదిన సైన్సు మ్యూజియంలో టీచర్ల ట్రైనింగుకి వెళ్తోందని రాశాను కదా. ఆఖరి రోజు పాఠం చెప్పి మెప్పిస్తేనే దాని బడిపిల్లలకి ఏడాదంతా అక్కడ ప్రయోగాలు నేర్పుతారట. అయస్కాంతం పాఠానికి దాచుకున్న ఇనప రజనుని మసి అనుకుని నేనే పారబోసి, డబ్బా తోమిపెట్టాను! తోడు వెళ్ళానేమో, అక్కడ అది మూత తియ్యగానే నా పై ప్రాణాలు పైనే పోయాయి, నేను చేసిన పని దాని చెవిలో చెప్పేశాను. మీ వదిన తొణకలేదు. టీచర్లందర్నీ బయటి ఇసుకగుట్ట దగ్గరికి తీసుకెళ్ళి అయస్కాంతాలు దొర్లించమంది. ఇసుకలో ఉన్న నల్ల ఇనప రజను వాటికి గడ్డంలా అంటుకుంది! "మా అత్తయ్య పారబొయ్యబట్టే నాకీ ఉపాయం తట్టింది" అంది నవ్వుతూ. మ్యూజియం పెద్దసారు అక్కడే ఒప్పేసుకున్నారు. నాకు ఏడుపాగలేదనుకో.

కారే కొళాయి బాగుచేయించావా? నా కళ్ళజోడు అక్కడే ఉందేమో వెతుకు. ఊరూరా ప్రయోగాలు చూపించే మ్యూజియం బండి మీ ఊరి బడికీ వస్తుందట, పాఠం మీ వదినదే. పెద్దాణ్ణి ముందు వరసలో కూర్చోమను. అందరికీ నా దీవెనలు. నేనూ ఆ బండిలోనే వస్తున్నాను, పదహారో తారీఖు, గురువారం.

అమ్మ