నీ బండి మళ్ళీ కూస్తుందట

అన్నా,

తుక్కుకు పోయిన పాత రైలింజన్లలో ఒక్క రకాన్ని మళ్ళీ కట్టిస్తారట. ఏది కావాలో డ్రైవర్లమైన మమ్మల్నే అడిగారు. అందరూ నువ్వు తోలిన రకానికే చెయ్యెత్తారు. నల్లమల కొండ ఎక్కుడులో అది ఎక్కడా ఆగదంటారు. దాని బాయిలరు పేలబట్టే నువ్వు పోయావు. నా చెయ్యి లేవలేదు.

"మీయన్న బండి కదప్పా, మొదట నువ్వే తోలల్ల," అన్నాడు ఫోర్మన్.

బాయిలరు సంగతి అటుంచు. ఊరి రైలు గేటు దగ్గర నీ ఇంజను కూత వినపడగానే అమ్మ నీ స్నానానికి పొయ్యి ముట్టించేది. నీ చెంబును ఇప్పటికీ ఎవరినీ ముట్టనివ్వదు. గేటు దగ్గర నేను కూత వెయ్యక తప్పదు. అదే కూత విని అమ్మ నీళ్ళు తోడి నిన్ను పిలుస్తుంది. మసి మొహంతో నేనెట్లా పలకను?