హాల్లోని ప్రింటరు

అక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. పొద్దున నీ ఫొటోకు దండ వేశాం. వరుసకు తోడికోడలివే అయినా, ఈ ఇంట్లో నాకు దొరికిన మనిషివి నువ్వొక్కదానివే.

తాండూరులో మన ఇంటి ప్రింటరు ఇప్పటికీ హాల్లోని కంప్యూటరుకే ఉంది. నా గదిలోని లాప్‌టాప్ నుంచి ఏది పంపినా వెళ్లి మామయ్య పక్కనే బయటికొస్తుంది. నువ్వున్నప్పుడు ముందే వెళ్లి, కాగితాలు తీసి, కొంగు చాటున తెచ్చిచ్చేదానివి.

నిన్న, వికారాబాద్‌లోని ఒక బడిలో టీచరు ఉద్యోగం కోసం దరఖాస్తు ప్రింట్ కొట్టి హాల్లోకి పరుగెత్తాను. అప్పటికే అది మామయ్య చేతిలో ఉంది.

"గీ నౌకరీ మనకెందుకు బిడ్డా? ఇంట్ల ఏం తక్కువైంది?" అంటూ మడిచి జేబులో పెట్టుకున్నారు.

రాత్రి నీ మరిది నా లాప్‌టాప్‌కు ప్రింటరు షేరింగ్ తీసేశారు. "నాయినతోటి లొల్లి ఎందుకు? ఏమన్న కావాల్నంటే నాకు చెప్పు, నేనే తీసిస్త" అన్నారు.

దరఖాస్తు ఈ సాయంత్రంలోగా బడిలో ఇవ్వాలి. అందుకే మధ్యాహ్నం దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసుకొని, మామయ్య చూస్తుండగానే హాల్లోని కంప్యూటరు ముందు కూర్చున్నాను. కాగితం బయటికి రాగానే ఆయన చెయ్యి చాపారు.

"నేనియ్య మామా. గిది నాది" అన్నాను.

ఆయన లేచి వీధి తలుపుకు గొళ్లెం పెట్టి, కుర్చీ అక్కడికే జరుపుకొని కూర్చున్నారు. నేను దరఖాస్తు ఒళ్లో పెట్టుకొని ఆయన ఎదురుగానే ఇది రాస్తున్నాను. ఇద్దరిలో ఎవరం ముందు లేస్తామో తెలియదు అక్కా.